గోనెసంచిలో చోటు

హోర్ని లిపా,
1976 అక్టోబరు 17

బొహునా వదినకు,

ఇక్కడ చలి మొదలైంది. బంగాళాదుంపలు తవ్వి నేలమాళిగలో పోశాను. క్యాబేజీ ఊరవేశాను. పిల్లలిద్దరికీ ఉన్ని మేజోళ్ళు అల్లాను. చేయాల్సినవన్నీ అయిపోవడంతో ఏమీ తోచడం లేదు. కాలుగాలిన పిల్లిలా ఇంట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి ఇంట్లోకి తిరుగుతున్నాను.

నీ తమ్ముడు రదిమ్ జూలైలో వచ్చి వెళ్ళాడు. అప్పట్నుంచి పోస్టుకార్డులే. "బాగున్నాను. పని ఎక్కువ. పిల్లలకి ముద్దులు." ప్రాగ్ నగరం కింద రైలుకి సొరంగం తవ్వే మనిషికి ఇంతకంటే చెప్పడానికి ఏమీ ఉండదా? పోయిన ఏడాది ఓంద్రాని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఎన్ని కబుర్లు చెప్పాడు! నేల కింద ఎండాకాలంలా వేడిగా ఉంటుందట, అందరి మొహాలూ నల్లబడతాయట, తలకి దీపం కట్టుకుంటారట. గోడ అవతలే దయ్యాలు కాపురముంటాయట, పని లేనప్పుడు వాటితో పేకాడతారట. వాడు నోరు తెరుచుకుని విన్నాడు. ఇప్పుడా నోటికి తాళం ఎవరు వేశారో తెలియదు.

ఓంద్రా ఈ శరత్కాలంలోనే బడిలో చేరాడు. చేరిన నాటి నుంచి అల్లరికి హద్దు లేదు. మొన్న టీచరమ్మ కుర్చీకి జిగురు పూశాడు. మికులాష్ పండగ వస్తోంది, మంచిపిల్లలకి మికులాష్ తాత ఆపిల్ పళ్ళు ఇస్తాడు, నిన్నైతే ఈసారి దయ్యం గోనెసంచిలో వేసుకుని నేల కిందికి లాక్కుపోతుంది చూడు అన్నాను. "నిజంగానా?" అన్నాడు, సంతకి తీసుకెళ్తానన్నట్టు. మా ఊళ్ళో దయ్యం వేషం వేసేది పోస్టుమాన్. ఆయన దగ్గు విని వీడు గుర్తుపట్టేస్తాడు.

అందుకని డిసెంబరులో పండగకి పిల్లల్ని తీసుకుని మీ ఇంటికి వద్దామనుకుంటున్నాను. మీ ప్రాగ్ దయ్యానికైనా భయపడతాడేమో. రదిమ్‌ని చూసినట్టూ ఉంటుంది. ఏమంటావు?

నీ మరదలు,
క్వెతా

*

నుస్లే, ప్రాగ్,
అక్టోబరు 26

మరదలు క్వెతాకి,

డిసెంబరులో, ఇద్దరు పసివాళ్ళతో, ప్రాగ్‌కా! నీకేమైనా మతిపోయిందా? మా నుస్లే లోయలో అప్పటికి బొగ్గుపొగ ఎంత దట్టంగా ఉంటుందంటే తలుపు తీస్తే ఎదురింటి తలుపు కనబడదు. మూడేళ్ళ యిత్కాని ఎత్తుకుని ట్రామెక్కితే దిగేసరికి పిల్ల చేతిలో ఉంటుందో, దాని టోపీ ఒక్కటే ఉంటుందో చెప్పలేం. నాకున్నవి ఒక గది, ఒక వంటిల్లు. పైగా ఆ నెలంతా థియేటరులో రోజూ ఆటలే. వచ్చినవాళ్ళ కోట్లు అందుకుని నంబరు బిళ్ళలు ఇచ్చీ ఇచ్చీ ఇంటికొచ్చేసరికి నా భుజాలు నావి కావు.

ఏప్రిల్‌లో రండి. చెట్లు పూస్తాయి. పిల్లల్ని నదిలో పడవ ఎక్కిస్తాను.

రదిమ్ బాగానే ఉన్నాడు. కాస్త చిక్కాడు, అంతే. మగాళ్ళు చిక్కితేనే నయం. ఆదివారాలు వచ్చి నా చేతి కుడుములు తిని పోతాడు. పనివాళ్ళ హాస్టల్లో పడక బాగానే ఉందంటాడు. పనీ బాగానే ఉందంటాడు. రాయడానికి తీరిక లేదంటాడు, అది నిజమే. నువ్వేమీ బెంగ పెట్టుకోకు.

బొహునా

*

హోర్ని లిపా,
నవంబరు 7

వదినా,

హాస్టల్లో పడక ఎలా ఉందని నేను అడిగానా? పని ఎలా ఉందని అడిగానా? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ ఉత్తరం.

మా మిల్లులో నా పక్క మరమీద పనిచేసే హవెల్కోవా మొగుడు కూడా అక్కడే తవ్వుతున్నాడు. పోయిన ఆదివారం ఇంటికొచ్చాడు. రదిమ్ ఎలా ఉన్నాడన్నా అని అడిగితే బీరుగ్లాసు వంక చూస్తూ, "ఈ మధ్య మా జట్టులో కనబడటం లేదమ్మా, వేరేచోట వేశారేమో" అన్నాడు. అని, గబగబా టోపీ పెట్టుకున్నాడు.

ఆడపడుచు అర్ధమొగుడంటారు. అసలు మొగుడు నోరు విప్పనప్పుడు అర్ధమొగుడైనా విప్పాలి కదా. ఇంకో ఆడది ఉందా? ఉంటే ఉందని చెప్పు. నేను ఏడ్చి గోల చేసే మనిషిని కాదు. బ్ర్నోలో కొత్త అల్లిక మిల్లు పెడుతున్నారు, జనవరి నుంచి రమ్మంటున్నారు, పిల్లలున్నవాళ్ళకి ఫ్లాటు కూడా ఇస్తారు. సరేనని రాసేసి, పిల్లల్ని తీసుకుని పోతాను. మీ తమ్ముడు వచ్చేసరికి తలుపుకి తాళం ఉంటుంది. మూడు నెలలుగా ఏ అడుగుల చప్పుడైనా ఆయనదేనేమో అనుకుంటూ బతుకుతున్నాను. ఇక నా వల్ల కాదు.

డిసెంబరు నాలుగు, శనివారం రైలుకి వస్తున్నాం. పొగ ఉన్నా సరే, పడక లేకపోయినా సరే.

క్వెతా

*

నుస్లే,
నవంబరు 14

క్వెతా,

ఇంకో ఆడది లేదు. పోయిన మా అమ్మ మీద ఒట్టు. అంతకుమించి అడగకు. చెప్పాల్సిన నోరు నాది కాదు.

రండి. స్టేషనుకి వస్తాను. ఒక్కటే మాట: నాతో చెప్పకుండా ఆ హాస్టలుకి మాత్రం వెళ్ళకు. బ్ర్నోకి ఇంకా ఏమీ రాయకు.

మా వాచ్‌మన్ హ్రుబెష్ మికులాష్ వేషం వేస్తానన్నాడు. పై అంతస్తు పిల్ల దేవదూత. దయ్యాన్ని నేను చూసుకుంటాను, థియేటరులో కొమ్ములున్నాయి, గొలుసూ ఉంది. ఓంద్రా చేసిన వెధవపనులు నాకు ముందే రాసి పంపు. దయ్యం గడగడా అప్పజెబితేనే కదా పిల్లలు హడలేది.

బొహునా

*

హోర్ని లిపా,
నవంబరు 23

వదినా,

నీ ఒట్టు నమ్మాను. నమ్మినా నిద్ర పట్టడం లేదు.

మీ దయ్యానికి పని తక్కువేమీ లేదు. జిగురు సంగతి రాశాను. యిత్కా జడ ఒకవైపు కత్తిరించాడు. నా ఊరగాయ జాడీలో సబ్బు వేశాడు. పోస్టుమాన్ సైకిలు చక్రంలో గాలి తీశాడు. ప్రార్థనకి వెళ్తున్న పక్కింటి ముసలమ్మని "కోడిమొహం" అన్నాడు, ఆమె నిజంగా అలాగే ఉంటుందనుకో.

ఒకటి మాత్రం నాకు అంతుపట్టడం లేదు. ఏ పిల్లాడైనా తప్పు చేస్తే పారిపోతాడు, బొంకుతాడు. వీడు చేసి, అక్కడే చేతులు కట్టుకుని నిలబడతాడు. "నేనే చేశానమ్మా" అంటాడు. కొడితే ఏడవడు. "ఇది లెక్కలోకి వస్తుందా?" అని అడుగుతాడు. నిన్న రాత్రి భోజనం దగ్గర, దయ్యం గోనెసంచి ఎంత పెద్దదని అడిగాడు. నీలాంటివాళ్ళు ఇద్దరు పడతారన్నాను భయపెడదామని. "ఒక్కడికి చాలు" అన్నాడు.

మా అమ్మ వైపు అందరూ తిన్నని మనుషులే. ఇది మీ రక్తమే.

క్వెతా

*

ప్రాగ్ స్టేషను, ప్రయాణికుల గది,
డిసెంబరు 6, ఉదయం

బొహునాకి,

వదినా అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

రైలు ఆలస్యం. యిత్కా సూట్‌కేసు మీద నిద్రపోతోంది. ఓంద్రా నాతో మాట్లాడటం లేదు. ఈ ఉత్తరం ఇక్కడి డబ్బాలోనే వేసి పోతాను, లేకపోతే ఇంటిదాకా కడుపులో మోయాలి.

శనివారమంతా నువ్వు నవ్విన నవ్వులు తలుచుకుంటే ఒళ్ళు మండుతోంది. గడియారంలోంచి బొమ్మలు వస్తాయి చూడండర్రా అన్నావు, వేడి సాసేజీలు కొనిపెట్టావు. పిల్లాడేమో గడియారం చూడలేదు, వంతెనలు చూడలేదు. నడిరోడ్డు మీద ఇనప ఊచల జాలీ కనబడితే చాలు, బోర్లా పడుకుని లోపలికి "నాన్నా!" అని కేకలు. జనమంతా నన్ను చూస్తున్నారు. ఒక చోట లాగి ఒకటి ఇచ్చాను.

నిన్న మధ్యాహ్నం కొవ్వొత్తులు కొనుక్కొస్తానని చెప్పి ఎక్కడికి వెళ్ళానో నీకు తెలుసు. హాస్టల్లో గుమ్మం దగ్గర కూర్చునే ఆయన, "రదిమా? ఆయన సెప్టెంబరులోనే ఖాళీ చేశాడు కదమ్మా" అన్నాడు. "మీరెవరు?" అని కూడా అడిగాడు. నేనెవరో నాకే తెలియలేదు.

ఊరంతా తిరిగి, రెండు ట్రాములు తప్పెక్కి, మీ ఇంటికొచ్చేసరికి నా మొగుడు నెత్తిమీద కొమ్ములతో, మొహాన మసితో నీ వంటింట్లో నేలమీద కూర్చుని ఉన్నాడు! ఒళ్ళో నా పిల్లలు! శనివారం చూసినా ఎవరివని అడగలేదు, పొయ్యి వెనక ఆ పరుపు చుట్ట, నీళ్ళగదిలో ఆ గడ్డం సబ్బు ఆయనవే! మూడు నెలలుగా నా మొగుణ్ణి నీ వంటింట్లో దాచుకుని, నాకు ఏప్రిల్ పూల గురించి రాశావు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు.

ఆయన ఏదో చెప్పబోయాడు. నేను వినలేదు. మసి మొహంతో చెప్పే మాటలు నాకు అక్కర్లేదు.

బ్ర్నోకి ఈ వారమే రాస్తాను.

క్వెతా

*

నుస్లే,
డిసెంబరు 8

క్వెతా,

తిట్టు. తిట్టాల్సిందే. కానీ ఈ ఉత్తరం చివరిదాకా చదివాక తిట్టు. నిన్ను నమ్మించడానికి రాయడం లేదు. నువ్వు రావడానికి ముందు ఆ వంటింట్లో ఏం జరిగిందో నువ్వు చూడలేదు, అది నీకు తెలియాలి.

రదిమ్ సంగతి ముందు. ఆగస్టులో ఓరోజు సొరంగంలో దీపాలారిపోయాయి. ఎవరికీ ఏమీ కాలేదు. కాసేపటికి మళ్ళీ వెలిగాయి, మిగతావాళ్ళు జోకులేసుకుంటూ పైకొచ్చి బీరు తాగడానికి పోయారు. మర్నాడు వీడు లిఫ్టు ఎక్కబోతే ఊపిరాడలేదు. ఆ మర్నాడూ అంతే. మూడోనాడు లిఫ్టు దాకా కూడా పోలేకపోయాడు. తవ్వే పని మానేస్తే హాస్టల్లో పడక పోయింది. ఇప్పుడు ట్రాము పట్టాల మీద ఆకులు, మంచు ఊడుస్తున్నాడు, ఆకాశం కింద. నేను పడక వేస్తే రాత్రంతా వంటింట్లో నాలుగు అడుగులు ఇటు, నాలుగు అడుగులు అటు. కింది అంతస్తు వాళ్ళు చీపురుకర్రతో కప్పు కొట్టేవాళ్ళు.

ఇంటికి పోరా అంటే, "మా ఊరి బడిలో నన్ను పిల్లల ముందు నిలబెట్టి చప్పట్లు కొట్టించారక్కా. దయ్యాలతో పేకాడతానని కొడుక్కి చెప్పినవాణ్ణి. చీకటంటే కాళ్ళు వణుకుతున్నాయని క్వెతాకి ఏ మొహంతో చెప్పను?" అన్నాడు. చెప్పనని నా చేత మాట తీసుకున్నాడు. నేను మింగలేక కక్కలేక నీకు పూల గురించి రాశాను.

మీరు వస్తున్నారంటే వాడికి ఓ మూల పండగ, ఓ మూల వణుకు. శనివారం రాత్రి వెళ్ళి ఆ హ్రుబెష్ వాళ్ళింట్లో పడుకున్నాడు. "వేషంలో అయినా పిల్లల్ని కళ్ళారా చూసుకుంటాను" అన్నాడు. సరే, వేషం తీశాక నీ కాళ్ళమీద పడేద్దామనుకున్నాను. నువ్వేమో కొవ్వొత్తులకి పోయావు.

నువ్వు లేనప్పుడు పిల్లల్ని భూగర్భ రైలు ఎక్కించాను. ఓంద్రా కిటికీకి మొహం ఆనించి, ఆ నల్లటి గోడలే చూశాడు. రైలు సొరంగం దాటి మా నుస్లే వంతెన లోపలికి (రోడ్డు కింద, వంతెన పొట్టలోంచే పోతుంది) వచ్చేసరికి లోయ మీద, ఇళ్ళ కప్పుల మీద ఉన్నాం. వాడికి కోపం వచ్చింది. "అత్తా, ఇది కిందికి కదా పోవాలి, పైకెందుకొచ్చింది?" అన్నాడు. ఇంటికొచ్చాక యిత్కా ఆడుకుంటోంది, వీడు మాత్రం కోటు విప్పనన్నాడు. బూట్లూ విప్పలేదు. చలిగా ఉందేమోలే అనుకున్నాను.

చీకటి పడుతుండగా గొలుసు చప్పుడైంది. మికులాష్, దేవదూత, వెనకాల గోనెసంచితో దయ్యం. యిత్కా నా పరికిణీ కిందికి దూరింది. ఓంద్రా ఎదురెళ్ళాడు. టోపీ పెట్టుకుని, చంకలో ఒక మూట పెట్టుకుని. ఆ మూటలో ఏమున్నాయో తర్వాత చూశాను: ఎవరింటికైనా వెళ్తే తొడుక్కునే వాడి ఇంటి చెప్పులు, కాగితంలో చుట్టిన రొట్టెముక్క.

హ్రుబెష్ గడ్డం సవరించుకుని, "ఏదీ బాబూ, ఒక పద్యం చెప్పు, ఆపిల్ పళ్ళు ఇస్తాను" అన్నాడు.

"చెప్పను. నాకు వచ్చు, కానీ చెప్పను. నేను చెడ్డవాణ్ణి. ఆపిళ్ళు యిత్కాకి ఇవ్వండి."

దయ్యం నేను నేర్పిన పాఠం మొదలెట్టింది. జిగురు, జడ, సబ్బు. గొంతు బొంగురు చేసింది గానీ వణుకుతోంది. ఓంద్రా ఒక్కొక్కదానికీ తలాడించి, "సైకిలు మర్చిపోయావు" అన్నాడు. తర్వాత, "ఇప్పుడు సరిపోయింది కదా? సంచి తెరువు" అన్నాడు.

దయ్యం సంచి తెరవలేదు. వాడే మళ్ళీ చెప్పాడు, దయ్యానికి తెలియదేమో అన్నట్టు నెమ్మదిగా. "మీరు ఉండేది నేల కిందే కదా. మా నాన్న అక్కడే పనిచేస్తాడు, గోడకి ఇవతల. నల్లగా ఉంటాడు, తలకి దీపం ఉంటుంది. మీవాళ్ళు ఆయనతో పేకాడతారు, అడిగితే చెప్తారు. నన్ను ఆయన దగ్గర దించెయ్. తర్వాత నీ ఇష్టం, నన్ను వేయించుకు తిన్నా సరే."

క్వెతా, జిగురు పూసిందీ, జడ కత్తిరించిందీ ఇందుకు. ఆ గోనెసంచిలో చోటు కోసం వాడు మూడు నెలలుగా కష్టపడుతున్నాడు.

గొలుసు కిందపడింది. దయ్యం నేలమీద కూలబడి, "మీ నాన్న అక్కడ లేడురా" అంది.

"మరెక్కడున్నాడు?"

రదిమ్ తోలు ముసుగు లాగేశాడు. ఓంద్రా దగ్గరికొచ్చి, మసి అంటిన ఆ మొహాన్ని కాసేపు చూశాడు. కొమ్ములు ముట్టుకున్నాడు. "నాన్నా, నిన్ను కూడా దయ్యాన్ని చేసేశారా?" అన్నాడు. హ్రుబెష్ గడ్డం చేత్తో పట్టుకుని వరండాలోకి పోయాడు, అక్కడ ఏడ్చాడని వాళ్ళావిడ చెప్పింది.

రదిమ్ వాడికి బొంకలేదు. "నేను కిందికి పోవడం లేదురా. చీకటంటే నాకు భయమేసింది. అందుకే ఇంటికి రాలేదు" అన్నాడు. ఓంద్రా వాళ్ళ నాన్న పక్కన చతికిలబడ్డాడు. "నాకూ మన నేలమాళిగంటే భయమే. దుంపలు తెమ్మంటే పరిగెత్తుకుపోయి పరిగెత్తుకొస్తా. అమ్మకి చెప్పకు" అన్నాడు. మూటలోంచి రొట్టె తీసి వాళ్ళ నాన్న చేతిలో పెట్టాడు. యిత్కా కూడా వచ్చి ఒళ్ళోకెక్కింది, ముగ్గురూ తింటుండగా నువ్వు తలుపు తీశావు.

ఇంతే. ఇందులో ఒక్క ముక్క కల్పన లేదు. రదిమ్ మళ్ళీ నాలుగు అడుగులు ఇటు, నాలుగు అటు మొదలెట్టాడు. రానా అని అడగడానికి కూడా భయపడుతున్నాడు. నువ్వు బ్ర్నోకి రాస్తావో, ఇక్కడికి రాస్తావో నీ ఇష్టం. నేనిక ఎవరి మాటా దాచను, ఎవరి మొగుణ్ణీ దాచను.

బొహునా

*

హోర్ని లిపా,
డిసెంబరు 13

వదినా,

రమ్మను. కొమ్ములు అక్కడే వదిలి రమ్మను.

బ్ర్నోకి ఉత్తరం రాశాను గానీ పోస్టు చేయలేదు. పొయ్యిలో వేశాను.

క్వెతా

*

హోర్ని లిపా,
డిసెంబరు 27

వదినకు,

నువ్వు పంపిన వనిల్లా బిస్కట్లు అందాయి. సగం దారిలోనే విరిగాయి, మిగతా సగం యిత్కా విరిచింది. అన్నీ తిన్నాం.

మీ తమ్ముడు ఇరవై రెండున వచ్చాడు, క్రిస్మస్‌కి వండే చేపని బతికుండగానే బకెట్లో పెట్టుకుని, రైల్లో అందరి కాళ్ళమీదా నీళ్ళు ఒలకబోసుకుంటూ. నేను గుమ్మంలో నిలబడి అడ్డు తప్పుకోలేదు. "నాకు చెప్పకుండా ఎలా ఉండగలిగావు?" అన్నాను. "ఉండలేకపోయాను" అన్నాడు. అప్పుడు తప్పుకున్నాను. ఆ రాత్రి నేను తిట్టాల్సినవన్నీ తిట్టాను, ఆయన వినాల్సినవన్నీ విన్నాడు, చేప తొట్టిలో ఈదింది. కోపం పూర్తిగా పోయిందని చెప్పను. మధ్యలో గిన్నె కడుగుతుంటే మళ్ళీ వస్తుంది.

సారాకొట్లో ఎవరో సొరంగం ఎంతదాకా వచ్చిందని అడిగితే, "నాకు తెలియదు, నేను పట్టాలూడుస్తున్నాను" అన్నాడట. తర్వాత పోస్టుమాన్, తనకి కుక్కలంటే భయమని, ఇరవై ఏళ్ళుగా దాచానని ఒప్పుకున్నాడట. ఇక్కడే కలప కోసే సామిల్లులో మనిషి కావాలంటున్నారు, జనవరిలో వెళ్ళి అడుగుతాడు. ఇంకా ఏదీ తేలలేదు. నాకు ఇప్పటికీ ఒక చోట కూర్చోవాలనిపించడం లేదు, అడుగుల చప్పుడైతే ఉలిక్కిపడుతున్నాను, ఆయన ఇంట్లోనే ఉన్నా కూడా.

నీకు రాయాలనుకున్నది ఇది. ఇరవై మూడున బంగాళాదుంపల సలాడ్ చేస్తూ, ఆలోచించకుండా, "నేలమాళిగలోంచి ఒక బుట్ట దుంపలు పట్రా" అన్నాను ఆయనతో. నోరు జారాక నాలుక కరుచుకున్నాను. ఆయన బుట్ట తీసుకుని వెళ్ళాడు. తలుపు తీశాడు. మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయాడు. వెనకనుంచి చూస్తున్నాను, అంత చలిలో మెడమీద చెమట. నేను లేవబోతుంటే ఓంద్రా నా చేతికింద నుంచి దూరి, గోడకున్న లాంతరు తీసుకుని, వాళ్ళ నాన్నని పక్కకి నెట్టి దిగిపోయాడు. పరిగెత్తలేదు వదినా. ఒక చేత్తో గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగాడు. కింద మూలమూలలకీ లాంతరు తిప్పాడు.

"ఇక్కడ ఎవరూ లేరు నాన్నా! నేను చూశాను. మెట్టు మెట్టుకీ నా పేరు పిలువు, నేను పలుకుతా!"

ఆయన పిలిచాడు. "ఓంద్రా." "ఇక్కడే!" ఇంకో మెట్టు. "ఓంద్రా." "ఇక్కడే!" పన్నెండు మెట్లూ అలాగే. నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను కాబట్టి సరిపోయింది.

ఇద్దరూ పైకొచ్చారు, మొహాలు పాలిపోయి, పెద్ద ఘనకార్యం చేసినట్టు. తెచ్చింది సగం బుట్టే. సలాడ్‌కి చాలదు.

మళ్ళీ దిగమన్నాను.

క్వెతా